శనగగింజంత గుడ్డు

అరచేతిలో ఇమిడే హామ్‌స్టర్‌కి ప్రొటీన్ ఎంత కావాలి, ఎప్పుడు కావాలి? మా ఇంటి పంజరం ముందు పుట్టిన ఈ ప్రశ్న అలెప్పో చేల మీదుగా, ఫ్రాన్స్ మొక్కజొన్న పొలాల మీదుగా తిరిగి తిరిగి చివరికి మన తార్నాకకే వచ్చి చేరింది.

మా ఇంట్లోకి మొదటిసారి కోడిగుడ్డు వచ్చింది ఓ బాలింత కోసం. 120 గ్రాముల బరువున్న సిరియన్ హామ్‌స్టర్ ఆ బాలింత.

అత్తయ్య కాపురానికి వచ్చిన నాటినుంచీ గుడ్డు గడప దాటని ఇల్లు మాది. అలాంటిది ఆ సాయంత్రం ఆవిడే, "బాల్కనీలో ఆ కరెంటు పొయ్యి పెట్టుకుని ఉడకబెట్టమ్మా. గిన్నె మాత్రం మళ్లీ వంటింట్లోకి తేకు. పచ్చి బాలింత, పాపం" అన్నారు. ఆవిడ నోట ఆ మాట రావడానికి ముందు రెండు రోజులు ఇంట్లో ఎవరికీ సరిగ్గా అన్నం సయించలేదు.

పదో పుట్టినరోజుకి మా పాప పట్టుబట్టి తెచ్చుకున్న ప్రాణి అది. బంగారు రంగు వీపు, తెల్లటి పొట్ట. గింజలన్నీ బుగ్గల్లో కుక్కుకుంటే ముఖం రెండింతలయ్యేది. లడ్డు అని పేరు పెట్టింది. దుకాణంలో మగదని చెప్పి ఇచ్చారు. అక్కడ అన్నిటినీ ఒకే పెట్టెలో కలిపి ఉంచారని మేం చూశాం గానీ, అలా ఉంచితే ఏమవుతుందో అప్పుడు మాకు తెలియదు. సిరియన్ హామ్‌స్టర్ 16 రోజులు మోసి ఈనేస్తుంది. కడుపుతో ఉన్నదాన్నే మేం ఇంటికి తెచ్చుకున్నాం. పదకొండో రాత్రి చెక్కపొట్టులోంచి సన్నటి కీచుమనే చప్పుడు. ఏడు పిల్లలు. ఒంటిమీద నూగు లేదు, కళ్లు తెరవలేదు, నానబెట్టిన వేరుశనగ పప్పుల్లా ఎర్రగా ఉన్నాయి.

సంబరంలో చేయకూడనివన్నీ చేశాం. లైట్లు వేశాం. గూడు మూత ఎత్తి ఫొటోలు తీశాం. అంతస్తులోని పిల్లలందర్నీ పిలిచి చూపించాం. తెల్లారేసరికి ఐదే మిగిలాయి. సాయంత్రం బడినుంచి వచ్చిన పాప పంజరం ముందు అలాగే నిలబడిపోయి, "అమ్మా, లడ్డు పిల్లని తింటోంది" అంది. ఏడవలేదు. ఆ గొంతు నేనింకా మర్చిపోలేదు.

మా పక్క ఫ్లాటు పిన్నిగారిది ఉప్పాడ దగ్గర పల్లె. ఆవిడ పంజరంలోకి తొంగిచూసి మొదట అడిగింది తిండి గురించే. "గింజలే పెడతన్నావా అమ్మా దానికి? మా వైపు బాలింతకి సొరచేప పుట్టు పెడతాం. ఒంట్లో సత్తువ లేకపోతే పాలెక్కణ్ణుంచి వస్తాయి?" నేను ఫోన్ చేసిన పశువైద్యుడు కూడా ఇంచుమించు అదే అడిగారు. ఏం పెడుతున్నారు, నీళ్లున్నాయా, గూడు ఎన్నిసార్లు కదిపారు అని. ఉడికించిన గుడ్డు, ఉప్పు లేకుండా, శనగగింజంత ముక్క పెట్టమన్నారు. గదిలో లైటు తీసేసి, పది రోజులు గూడు జోలికి వెళ్లొద్దన్నారు.

నాలుగు పిల్లలు దక్కాయి. ఆ గుడ్డువల్లేనా, చీకటివల్లా, మేం దూరంగా ఉండటంవల్లా అన్నది ఆ రోజు తేల్చుకోలేకపోయాను. తర్వాత కొన్ని నెలలు ఇదే పనిగా చదివాను. మన ఊళ్లలో ఇప్పుడు పెంపుడు జంతువుల దుకాణం ఉన్న ప్రతి వీధిలోనూ హామ్‌స్టర్లు కనిపిస్తున్నాయి. వాటితోపాటు చేతిలో పెట్టే గింజల సంచి గురించి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

సంచి మీది అంకె

మేం తెచ్చిన కలగలుపు సంచిలో సగం పొద్దుతిరుగుడు గింజలు. మిగతాది మొక్కజొన్న నూక, రంగు వేసిన బిస్కెట్ ముక్కలు, కాసిని కొర్రలు. వెనకవైపు చిన్న అక్షరాల్లో ప్రొటీన్ 11 శాతం అని ఉంది. అది ఎక్కువో తక్కువో చెప్పగలిగేవాళ్లు మా ఇంట్లో లేరు.

ప్రయోగశాల జంతువుల పోషకావసరాల మీద అమెరికా జాతీయ పరిశోధనా మండలి 1995లో వెలువరించిన పుస్తకాన్ని ఇప్పటికీ ఈ రంగంలో అందరూ చూస్తారు. అందులో హామ్‌స్టర్ మేతకు చెప్పిన ప్రొటీన్ సుమారు 18 శాతం. ఎదిగే పిల్లలకీ, చూలుతో ఉన్నవాటికీ, పాలిచ్చేవాటికీ ఇంకొంచెం పైన ఉన్నా తప్పులేదు. 11కీ 18కీ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, లెక్క వేసి చూడండి. పెద్ద సిరియన్ హామ్‌స్టర్ రోజుకు దాదాపు 10 గ్రాముల మేత తింటుంది. 18 శాతం అంటే 1.8 గ్రాముల ప్రొటీన్. 11 శాతం అంటే 1.1. రోజూ 0.7 గ్రాముల లోటు.

ఇప్పుడు శనగగింజంత గుడ్డుముక్క సంగతి. అది గ్రాము బరువుంటే అందులో ప్రొటీన్ 0.13 గ్రాములు. గుడ్డుతోనే లోటంతా పూడ్చాలంటే రోజూ ఐదారు ముక్కలు తినిపించాలి. మనిషి లెక్కలో అదెంతో ఊహించుకోవడానికి ఒక పోలిక చెబుతాను. 60 కిలోల మనిషి బరువు మా లడ్డుకి 500 రెట్లు. గ్రాము గుడ్డు లడ్డు తినడం, బరువు నిష్పత్తిలో చూస్తే, మనిషి అర కిలో గుడ్డు, అంటే పది గుడ్లు తిన్నట్టు. చిన్న ప్రాణుల ఒంట్లో తిండి మనకన్నా వేగంగా ఖర్చవుతుంది కాబట్టి ఈ పోలికను అక్షరాలా తీసుకోకూడదు. అయినా ఆ ముక్కను ఇంకాస్త పెద్దది చేయబోయే చేతిని ఆపడానికి ఇది చాలు.

కాబట్టి ముందు మార్చాల్సింది మూలమేత. గింజల కలగలుపు బదులు 18 శాతం ప్రొటీన్ ఉన్న గుళికల మేత. గుళికలో ఇంకో సుగుణం కూడా ఉంది. కలగలుపులోంచి హామ్‌స్టర్ తనకు రుచైనవే ఏరుకుంటుంది. లడ్డు పొద్దుతిరుగుడు గింజలన్నీ మోసుకుపోయి మిగతావి గిన్నెలోనే వదిలేసేది. పొద్దుతిరుగుడు పప్పులో ప్రొటీన్ ఐదో వంతు ఉన్నా, దాదాపు సగం కొవ్వే. గుళికలో అన్నీ కలిపి నొక్కేస్తారు కాబట్టి ఏరుకోవడం కుదరదు. గుడ్డయినా పురుగైనా ఆ మేత పక్కన నంజుడు లాంటివే. అన్నం లేకుండా ఆవకాయతో కడుపు నింపుకోలేం కదా.

ఆ అంకె వెనక ఇంకో సంగతి ఉంది. మేత సంచి మీద రాసే ప్రొటీన్‌ని నేరుగా ఎవరూ కొలవరు. మేతలో నత్రజని ఎంతుందో కొలిచి 6.25తో గుణిస్తారు. కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీవారి ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ 1883లో కనిపెట్టిన పద్ధతి ఇది. ఎంత ఉందో స్థూలంగా చెబుతుంది గానీ, ఎలాంటిదో చెప్పదు. నత్రజని ఎక్కడినుంచి వచ్చినా దానికి ఒకటే. 2007లో అమెరికాలో కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి చనిపోవడంతో మేత సంచుల్ని పెద్దయెత్తున వెనక్కి రప్పించారు. కారణం మెలమిన్. ప్రొటీన్ అంకె పెంచి చూపడానికి చైనాలో గోధుమ ప్రొటీన్ పిండిలో కలిపిన రసాయనం అది. నత్రజని పుష్కలంగా ఉంది, ప్రొటీన్ రవ్వంత కూడా లేదు. మరుసటి ఏడాది అదే మోసం చైనాలో పసిపిల్లల పాలపొడిలో బయటపడింది.

మోసం లేని సంచిలో కూడా ఎలాంటి ప్రొటీన్ అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ధాన్యాల్లో లైసీన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పుల్లో అది బాగానే ఉంటుంది, మిథియొనీన్ తక్కువ. పప్పూ అన్నం కలిపి తిన్నప్పుడు ఒకదాని కొరత ఇంకోటి తీరుస్తుంది. పెసరట్టులో చారెడు బియ్యం వేయడం, పసిపిల్లకి మొదట పెట్టేది మెత్తటి పప్పన్నం కావడం, ఇవన్నీ మన వంటిళ్లు ఎప్పుడో కనిపెట్టినవే. గింజలమీదే బతికే హామ్‌స్టర్‌కి శనగగింజంత గుడ్డు చేసే మేలు కూడా ఇలాంటిదే. అది తెచ్చే ప్రొటీన్ 0.13 గ్రాములే అయినా, గింజల్లో కొరవడిన అమైనో ఆమ్లాలను వెంట తెస్తుంది.

అలెప్పో తల్లి

ఈ జీవి పుట్టిల్లు ఉత్తర సిరియా, దాన్ని ఆనుకున్న దక్షిణ టర్కీ. గోధుమ, బార్లీ, చిరుశనగ, శనగ పండే చేలు. అక్కడ ఇది గింజలతోపాటు ఆకులు, చీమలు, మిడతలు, పేడపురుగులు, ఏది దొరికితే అది తింటుంది. బుగ్గసంచుల్లో నింపుకుని కలుగులోకి మోసుకుపోతుంది. జర్మన్‌లో హామ్‌స్టర్ పేరునుంచే దాచిపెట్టుకోవడం అన్న క్రియాపదం పుట్టింది. శాకాహారి అనుకుని మనం గింజలు పోస్తాం గానీ, ఇది సర్వభక్షి.

1930 ఏప్రిల్ 12న జెరూసలేం హిబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన ఇజ్రాయెల్ అహరోని అలెప్పో దగ్గర ఓ పొలంలో కలుగు తవ్వించాడు. దాదాపు ఎనిమిదడుగుల లోతున ఒక తల్లి, పదకొండు పిల్లలు దొరికాయి. పెట్టెలో పెట్టగానే తల్లి మొదటి పిల్లని చంపేసింది. ఇక మిగతావాటినీ చంపుతుందని భయపడి తల్లిని అక్కడే చంపేశారు. పిల్లల్ని అహరోని దంపతులు చేతుల్లో పెంచారు. కొన్ని పారిపోయాయి, కొన్ని చచ్చిపోయాయి, మిగిలిన కొద్దింటితో ఏడాది తిరిగేసరికి సంతతి 150 అయింది. ఈరోజు ప్రపంచంలో పంజరాల్లో ఉన్న బంగారు హామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ కలుగు సంతానమే. మా లడ్డు కూడా.

ఇది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మా ఇంట్లో జరిగిందే 1930లో ఆ పొలం గట్టుమీద జరిగింది. ఆ తల్లికి ప్రొటీన్ తక్కువైందనడానికి లేదు. చిరుశనగ చేలమధ్య, పురుగూ పుట్రా తింటూ బతికింది. బెదిరిపోయింది, అంతే. గూడు చెదిరితే, మనిషి వాసన తగిలితే, నీళ్లు అందకపోతే, పిల్లలకు పాలు చాలవనిపిస్తే హామ్‌స్టర్ తల్లి పిల్లల్ని తినడం ఉంది. కాబట్టి మా ఇంటి విషయంలో గింజల సంచినొక్కదాన్నే దోషిగా నిలబెట్టలేను. మా లైట్లూ మా ఫొటోలూ కూడా అందులో ఉన్నాయి.

అహరోని వాటిని పట్టింది ఊరికే కాదు. సహోద్యోగి సాల్ ఆడ్లర్ కాలా అజార్ కుటుంబానికి చెందిన జబ్బుల మీద పనిచేస్తున్నాడు. ప్రయోగాలకు వాడుతున్న చైనా హామ్‌స్టర్లు బందీగా ఉంటే పిల్లల్ని పెట్టేవి కావు. ఆ అవసరంతో ప్రయోగశాలలో అడుగుపెట్టిన సిరియన్ హామ్‌స్టర్ ఇంకా అక్కడే ఉంది. 2020లో హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌ని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో పరీక్షించింది కూడా సిరియన్ హామ్‌స్టర్ల మీదే. మనలో చాలామంది చేయించుకున్న ఆ సూది వెనక ఈ చిన్న ప్రాణులున్నాయి. వాటి తిండిగురించి నాలుగు పేజీలు చదవడం పెద్ద కష్టమేమీ కాదనిపించింది నాకు.

నల్లబడ్డ నాలుకలు

ఈ సంగతుల్లో నన్ను అన్నిటికన్నా కదిలించింది లడ్డుకి దూరపు బంధువు కథ. ఫ్రాన్స్ తూర్పున అల్సాస్ ప్రాంతంలో యూరోపియన్ హామ్‌స్టర్ ఉంటుంది. సిరియన్ కన్నా బాగా పెద్దది, పొట్ట నల్లగా ఉంటుంది. ఒకప్పుడు రైతులు పీడగా చూసి చంపేంత ఎక్కువగా ఉండేది. ఇప్పుడు వెతికినా దొరకదు. దాన్ని కాపాడటంలో ఫ్రాన్స్ విఫలమైందని 2011లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2020లో అది ప్రపంచ ఎర్రజాబితాలో అత్యంత ప్రమాదస్థితికి చేరింది. నానా రకాల పంటలు వేసిన చోట ఇప్పుడు కనుచూపుమేరా మొక్కజొన్న. శీతాకాలమంతా కలుగులో నిద్రపోయి లేచిన హామ్‌స్టర్‌కి ఆ మొక్కజొన్న తప్ప వేరే తిండి కరువైంది.

స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మాథిల్డ్ టిసియే బృందం బందీగా పెంచిన హామ్‌స్టర్లకు వేర్వేరు మేతలు పెట్టి చూసింది. కొన్నిటికి గోధుమ, కొన్నిటికి మొక్కజొన్న. రెండిటికీ తోడుగా క్లోవర్ ఆకో, వానపాములో. గోధుమ తిన్న తల్లుల పిల్లల్లో అయిదింట నాలుగు వంతులు పాలు మానేదాకా బతికాయి. మొక్కజొన్న తిన్న తల్లుల పిల్లల్లో నూటికి ఐదే మిగిలాయి. ఆ తల్లులు పిల్లల్ని దాచుకున్న మొక్కజొన్న గింజల మీద పెట్టి తినేశాయి. పంజరంలో గుండ్రంగా తిరిగేవి, మేతగిన్నెల మీదికి ఎగిరేవి. నాలుకలు నల్లబడ్డాయి.

వానపాములు తిన్నా అంతే. శక్తికీ ప్రొటీన్ మొత్తానికీ ఆ మేతలో పెద్ద కొరత లేదు. కొరవడింది బి3 విటమిన్, అంటే నియాసిన్. దాన్ని శరీరం సొంతంగా తయారుచేసుకోవడానికి కావలసిన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం మొక్కజొన్నలో చాలా తక్కువ. ఉన్న నియాసిన్ కూడా ఒంటికి అందని రూపంలో బంధించి ఉంటుంది. మెక్సికోలో వేల ఏళ్లుగా మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి తింటున్నారు. సున్నం ఆ బంధాన్ని విడగొడుతుంది. ఆ వంట తెలియకుండా గింజను మాత్రమే తీసుకెళ్లిన దేశాల్లో పేదలకు పెల్లగ్రా వచ్చింది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పెట్లిపోవడం, విరేచనాలు, చివరికి మతి చలించడం. టిసియే బృందం మొక్కజొన్న మేతలో బి3 కలపగానే తల్లులు పిల్లల్ని తినడం ఆగిపోయింది. 2017లో ఆ ఫలితాలు వెలువడ్డాయి.

ఆ నల్లనాలుక అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇది మన దగ్గర ఎక్కడో విన్నదే.

బెరిబెరి మీద విచారణగా 1918లో కూనూరులో మొదలైన సంస్థ 1958లో హైదరాబాద్‌కి తరలివచ్చింది. అదే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. అప్పట్లో దక్కన్ పీఠభూమిలో జొన్నరొట్టె, జొన్నగటకల మీదే బతికే పేదల్లో పెల్లగ్రా కనిపించేది. అది మొక్కజొన్న తినేవాళ్ల జబ్బని ప్రపంచమంతా అనుకుంటున్న కాలం. జొన్నలో ట్రిప్టోఫాన్ మరీ అంత తక్కువేం కాదు. మరి జబ్బెందుకు? సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో ఒక జవాబు సూచించారు. జొన్నలో లూసీన్ అనే అమైనో ఆమ్లం బాగా ఎక్కువ, అది ట్రిప్టోఫాన్, నియాసిన్‌ల పనికి అడ్డుపడుతోందని. తర్వాత ఆ సంస్థలోనే భవానీ బెలవాడి తదితరులు కుక్కపిల్లలకు లూసీన్ కలిపిన మేత పెట్టి చూశారు. వాటి నాలుకలు నల్లబడ్డాయి. కుక్కల్లో పెల్లగ్రాకి పేరే బ్లాక్ టంగ్.

లూసీన్ సిద్ధాంతం మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి. కానీ ఆ పనిలోంచి నాకు అందిన మాట ఒకటుంది. ఒక అమైనో ఆమ్లం తక్కువైతేనే కాదు, వేరొకటి మితిమీరినా ఒళ్లు చెడుతుందని. మనిషికి చెప్పిన ఆ మాట అల్సాస్ కలుగుల్లోని తల్లులకీ, మా పంజరంలోని లడ్డుకీ వర్తిస్తుందని తెలిసినప్పుడు, ఆ మొక్కజొన్న నూక ఉన్న సంచిని తీసి పక్కన పెట్టేశాను.

అందుకే వ్యాయామశాల కుర్రాళ్లు తాగే ప్రొటీన్ పొడిని హామ్‌స్టర్‌కి చిటికెడు కలపొచ్చా అని ఎవరైనా అడిగితే వద్దనే చెబుతాను. చెంచాకి ఇరవై గ్రాములపైన ప్రొటీన్ ఉన్న డబ్బా అది, రోజుకు రెండు గ్రాములు కూడా అక్కర్లేని ప్రాణికి. తీపి, సువాసనలు వేరే కలుపుతారు. పొడి తడిస్తే బుగ్గసంచిలో అంటుకుని గడ్డకడుతుంది.

ఏది పెట్టాలి

మూలమేత సరిగా ఉంటే ఆరోగ్యంగా ఉన్న పెద్ద హామ్‌స్టర్‌కి వారానికి రెండు మూడుసార్లు చిన్న ముక్క చాలు. గుడ్డయితే బాగా ఉడికించి, ఉప్పూ కారం తగలకుండా, సిరియన్ రకానికి శనగగింజంత. 20, 25 గ్రాములుండే రొబొరోవ్‌స్కీ లాంటి పొట్టి రకాలకు అందులో పావు వంతు కన్నా మించకూడదు. ఉడికించిన కోడిమాంసం కూడా అంతే పరిమాణం. కూరలోంచి తీసి కడిగి పెట్టడం మాత్రం పనికిరాదు. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు ముక్కలోకి దిగిపోయి ఉంటాయి. వాటికి వేరుగా ఉడికించాల్సిందే.

పురుగులు పెట్టడానికి మనసొప్పేవాళ్లకు పిండిపురుగులు దొరుకుతున్నాయి. చేపలకూ పక్షులకూ ఎండబెట్టి అమ్ముతారు. ఎండినవాటిలో సగం ప్రొటీనే. ఒకటి రెండు ఇస్తే చాలు. అడవిలో అది వెతుక్కుని తినే తిండికి ఇదే దగ్గర. మా పాపకి మొదట అసహ్యం వేసింది. లడ్డు దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చెరుకుముక్కలా నమలడం చూశాక పురుగు పెట్టే పని తనే తీసుకుంది.

గుడ్డూ మాంసం ఇంట్లోకి రాని కుటుంబాలు నన్ను ఎక్కువగా అడుగుతుంటాయి. దారి లేకపోలేదు. మొలకెత్తిన పెసలు రెండు మూడు, మెత్తగా ఉడికిన శనగ ఒకటి, ఉప్పు లేకుండా ఉడికించి పిండేసిన మీల్‌మేకర్ చిన్న తునక, అప్పుడప్పుడు సోయా పనీర్. పాల పనీర్ కూడా కొంచెం పెట్టొచ్చు గానీ, కొవ్వెక్కువ, కొన్నిటికి పాలు పడవు. వేరుశనగ గింజ ప్రొటీన్‌కి మంచిదే. అయితే అందులో కూడా సగం దాకా నూనె. బూజు వాసన ఉన్న గింజ అసలు పెట్టకూడదు. ఆ బూజులో ఉండే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పచ్చి రాజ్మా, చిక్కుడుజాతి పచ్చిగింజలు విషమే.

మన ఎండల్లో ఇంకో జాగ్రత్త కావాలి. హామ్‌స్టర్ దేన్నీ అక్కడికక్కడే తినదు. దాచుకుంటుంది. ఉడికిన గుడ్డు మే నెల వేడికి రెండు మూడు గంటల్లో పాడవుతుంది. చెక్కపొట్టు కింద అది కుళ్లితే విరేచనాలు పట్టుకుంటాయి. చిన్న ఒళ్లు, ఒక్కరోజులో నీరసించిపోతుంది. అందుకే నేను సాయంత్రం అది నిద్ర లేచే వేళకి పెడతాను. పడుకోబోయే ముందు మూల కొట్టు వెతికి మిగిలింది తీసేస్తాను.

తన పెంటికలే తను తింటోందని చాలామంది పిల్లలు కంగారుపడతారు. ఆపొద్దు. పేగుల్లోని సూక్ష్మజీవులు తయారుచేసిన బి విటమిన్లు, కొంత ప్రొటీన్ అలా తిరిగి ఒంటికి పడతాయి. పంజరాన్ని రోజూ మెరిసేలా కడిగేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఎక్కువ ఎప్పుడు అవసరమంటే, పిల్లలు ఎదిగేటప్పుడు, చూలుతో ఉన్నప్పుడు, పాలిచ్చే మూడు వారాలు. జబ్బుపడి లేచి బరువు కోల్పోయినప్పుడు కొన్నాళ్లు. బొచ్చు పలచబడితే చాలామంది ప్రొటీన్ లోపమే అనుకుని గుడ్డు పెంచేస్తారు. లోపం ఒక కారణమే. చర్మంలో పురుగు పట్టినా, గ్రంథుల జబ్బొచ్చినా బొచ్చు రాలుతుంది. ముందు వైద్యుడికి చూపించాలి. హామ్‌స్టర్ ఆయుష్షు రెండు మూడేళ్లు. రెండో ఏడు దాటాక మూత్రపిండాలు నెమ్మదిస్తాయి. సిరియన్ రకంలో ముసలితనంలో అమిలాయిడ్ అనే పదార్థం పేరుకుని వాటిని దెబ్బతీయడం సాధారణం. అప్పుడు ప్రేమకొద్దీ రోజూ గుడ్డు పెట్టడం ఆ మూత్రపిండాలకు బరువే. వంటింటి తక్కెడ మీద వారానికోసారి తూచి రాసుకోండి. అయిదు గ్రాములు తగ్గినా పెరిగినా, మనకు కనిపించకముందే ఆ కాగితం చెబుతుంది.

పదో రోజు

వైద్యుడు చెప్పిన పది రోజుల గడువు మా ఇంట్లో ఎంత పొడుగ్గా నడిచిందో చెప్పలేను. గదిలో అడుగులో అడుగు వేసుకుని నడిచాం. గిన్నెలో గింజలు, నీళ్లు, సాయంత్రం ఓ గుడ్డుముక్క. గూడువైపు చూడలేదు. నాలుగు పిల్లలున్నాయో లేదో కూడా తెలియదు. రాత్రి అందరూ పడుకున్నాక లోపలినుంచి సన్నటి చప్పుడు వస్తే ఉన్నాయని తెలిసేది. అత్తయ్య పొద్దున్నే పూజ కాగానే మొదట అడిగేది, "చప్పుడు వినిపించిందా?" అనే.

పదో రోజు సాయంత్రం గుడ్డుముక్క పెట్టి, పాపా నేనూ గోడకి ఆనుకుని కూర్చున్నాం. లైటు వేయలేదు. కిటికీలోంచి వచ్చే వెలుతురే. లడ్డు బయటికొచ్చింది, ముక్కని వాసన చూసింది, బుగ్గలో పెట్టుకుంది. ఎప్పటిలా మూల కొట్టుకి కాకుండా నేరుగా గూట్లోకి వెళ్లింది. కాసేపటికి పొట్టు కదిలింది. పాప నా చెయ్యి పట్టుకుంది.

హామ్‌స్టర్ పిల్లలు పళ్లతోనే పుడతాయి. కళ్లు తెరవడానికి రెండు వారాలు పడుతుంది గానీ, వారం దాటగానే తల్లి తెచ్చింది కొరకడం మొదలుపెడతాయి. అది నేను తర్వాత చదివింది. ఆ సాయంత్రం మేం చూసింది మాత్రం, పొట్టులోంచి బయటపడ్డ నాలుగు చిన్న ముట్టెలు. ఒంటిమీద అప్పుడే నూగు వస్తోంది. కళ్లు ఇంకా మూసే ఉన్నాయి. మధ్యలో ఆ గుడ్డుముక్క. నాలుగూ నాలుగు వైపులనుంచి దాన్ని కొరుకుతున్నాయి. లడ్డు వాటిమీదుగా మెడ చాచి మావైపు చూస్తోంది.

పాప మెల్లగా లేచి, వాకిట్లో ఉన్న అత్తయ్య దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పింది, "నాన్నమ్మా, నాలుగూ ఉన్నాయి."